స్నేహితురాలిని సంజాయిషీ అడిగాను, ఇప్పుడేం చేయాలి?

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయిని సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు నలభై ఆరేళ్లు. తాతగారి కాలం నుంచీ బాప్టిస్టు కుటుంబం. ఆ తాతగారు కెనడా మిషనరీలు నడిపిన బడిలో చదువుకున్నారు. ఈమె ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతారు. అదే బడిలో లెక్కలు చెప్పే ముస్లిం ఉపాధ్యాయినితో పదేళ్లుగా గాఢమైన స్నేహం. ఉదయం కాంప్లెక్సులో ముందు బస్సెక్కినవారు రెండోవారికి సీటు ఆపడం, విరామంలో ఒకే డబ్బాలోంచి తినడం, పదో తరగతి పేపర్లు దిద్దడానికి కలిసి వెళ్లడం. వయసులో చిన్నది కాబట్టి ఆమె ఈమెను ‘అక్కా’ అని పిలిచేది.

2025 ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గాంలో పర్యాటకుల మీద కాల్పులు జరిగాయి. మర్నాడు వేసవి సెలవులకు ముందు చివరి పనిదినం. స్టాఫ్ రూములో అందరూ ఫోన్లలో అవే దృశ్యాలు చూస్తున్నారు. చనిపోయినవారిలో విశాఖపట్నం ఆయన ఒకరున్నారని తెలిసి అందరి కడుపూ రగిలిపోయింది. ఆ వేడిలో ఈమె స్నేహితురాలి వైపు తిరిగి, “మీవాళ్ళెవరూ నోరు విప్పరేం? ఇప్పుడైనా గట్టిగా ఖండించాలి కదా!” అనేశారు. ఆమె జవాబు చెప్పలేదు. ముందున్న ప్రోగ్రెస్ కార్డుల కట్టకు రబ్బరు బ్యాండు వేసి, బల్ల మీద సర్ది, బయటికి వెళ్లిపోయింది. బడులు తెరిచాక ఆమె వేరే బస్సులో వస్తోంది. ‘అక్కా’ పోయి ‘మేడమ్’ వచ్చింది. అడిగినదానికి మర్యాదగా జవాబిస్తుంది, అంతే.

ఇంట్లో ఇంకో గొడవ. విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు, ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద ఒకరితో వాదనకు దిగాడు. ఆ పెద్దాయన “ఈ కాల్పులన్నీ ఒక్క మతం వాళ్ళ పనే” అన్నారు. అబ్బాయి, మసీదుల మీదా చర్చి మీదా తెల్లవాళ్లు కాల్పులు జరిపిన క్రైస్ట్‌చర్చ్, చార్ల్‌స్టన్ పేర్లు ఎత్తాడు. “వాళ్ళు అసలు క్రైస్తవులే కారు” అని ఆయన కొట్టిపారేశారు. “అన్ని మతాలూ ఒకటే, మనుషుల్ని చంపించడానికే ఉన్నాయి” అని చెప్పి అబ్బాయి గుడికి రావడం మానేశాడు. ఇది చాలదన్నట్టు, స్త్రీల సమాజం కూడికలో హింస గురించీ విశ్వాసుల బాధ్యత గురించీ మాట్లాడమని పాస్టరుగారు ఈమెకే అప్పగించారు. నిజంగా మతమే ఈ పనులు చేయిస్తోందా, స్నేహితురాలితో ఏం మాట్లాడాలి, కొడుక్కి ఏం చెప్పాలి, కూడికలో నిలబడి ఏం చెప్పను అని అడుగుతున్నారు.

టీచరుగారూ,

మీ మొదటి ప్రశ్న మతం గురించి. కానీ ఉత్తరంలో ఎక్కువ పేజీలు నిండింది బస్సులో ఖాళీగా ఉంటున్న పక్క సీటు గురించి. నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు స్టాఫ్ రూములో ఆ మాట అన్న రోజే కశ్మీర్ లోయ మొత్తం బంద్ పాటించింది. దుకాణాలు మూసేసి, కొవ్వొత్తులు పట్టుకుని జనం వీధుల్లోకి వచ్చారు. ఆ శుక్రవారం శ్రీనగర్ జామా మసీదులో మృతుల కోసం మౌనం పాటించారు. హైదరాబాదులో నమాజుకు వచ్చినవారు చేతులకు నల్ల పట్టీలు కట్టుకున్నారు. పహల్గాం దగ్గర కాల్పులు జరిగిన బైసరన్ మైదానంలో ప్రాణాలు పోయిన 26 మందిలో ఒకరు పర్యాటకులను గుర్రం మీద తిప్పి బతికే స్థానిక ముస్లిం యువకుడు. హంతకుడి చేతిలోంచి తుపాకీ లాక్కోబోయి చనిపోయాడని అతని ఇంటివారు చెప్పారు. ఇంకొకరు ఇందోర్ నుంచి వెళ్లిన క్రైస్తవుడు. మీరు అడిగిన ఖండన మీరు అడుగుతున్నప్పుడే జరుగుతోంది. మీ ఫోనుకు చేరలేదు, అంతే. మనకు ఫార్వర్డ్ చేసేవాళ్లు ఇలాంటివి పంపరు మరి!

హంతకులు మతం అడిగి, ఇస్లాం విశ్వాస వాక్యమైన కల్మా చదవమని, చదవలేనివారిని కాల్చారన్నది బతికి బయటపడినవారు చెప్పిన మాట. దాన్ని మర్యాద కోసం దాచిపెట్టి మాట్లాడడం చనిపోయినవారికి అన్యాయం. మీకు కోపం రావడంలో తప్పు లేదు. కానీ ఆ కోపానికి జవాబు చెప్పాల్సినవాళ్లు ఎక్కడో అడవుల్లో ఉంటే, అందుబాటులో ఉంది కదా అని పక్క కుర్చీలో ప్రోగ్రెస్ కార్డులు రాసుకుంటున్న మనిషిని పట్టుకున్నారు.

ఒకసారి వెనక్కి వెళ్లండి. 2019 మార్చి 15, శుక్రవారం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఒకడు నమాజు వేళ రెండు మసీదుల మీద కాల్పులు జరిపి 51 మందిని చంపాడు. తుపాకుల మీద పూర్వం క్రైస్తవ రాజ్యాలకూ తురుష్కులకూ జరిగిన యుద్ధాల పేర్లు రాసుకుని మరీ వెళ్లాడు. మృతుల్లో హైదరాబాదు వాళ్లు కూడా ఉన్నారు. ఆ తర్వాతి వారం మీరిద్దరూ ఎప్పటిలాగే ఒకే బస్సులో బడికి వెళ్లి ఉంటారు. ‘మీవాళ్ళు ఖండించరేం?’ అని ఆమె మిమ్మల్ని అడిగిందా? అడిగినట్టు మీరు రాయలేదు. అడిగి ఉంటే మీకు ఎలా ఉండేది? న్యూజిలాండ్‌లో ఎవడో చేసినదానికి శ్రీకాకుళంలో నేనెందుకు జవాబు చెప్పాలి అనిపించేది కదా.

ఇప్పుడు మీ సంఘ పెద్దగారి మాట. ‘వాళ్ళు క్రైస్తవులే కారు’ అనేస్తే ఒక్క క్షణంలో చేతులు కడిగేసుకోవచ్చు. క్రైస్ట్‌చర్చ్ వాడి విషయంలో ఆయన వాదన కొంతవరకు నిలుస్తుంది. తాను క్రైస్తవుడినా కాదా అన్నదానికి వాడే సూటిగా జవాబివ్వలేదు. చార్ల్‌స్టన్ దగ్గర మాత్రం నిలవదు. అక్కడ జరిగింది కాస్త వివరంగా చెబుతాను, మీ కూడికలో పనికొస్తుంది.

2015 జూన్ 17, బుధవారం సాయంత్రం. అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో నల్లజాతీయుల పాత చర్చి ఒకటి, ఇమ్మానుయేలు పేరు మీద ఉన్నది. పన్నెండు మంది దాకా బైబిలు అధ్యయనానికి కూర్చున్నారు. ముక్కూమొహం తెలియని ఇరవై ఒక్కేళ్ల తెల్ల కుర్రాడు వచ్చాడు. కుర్చీ వేసి, పాస్టరు పక్కనే కూర్చోబెట్టుకున్నారు. దాదాపు గంటసేపు వాళ్లు చదివింది విన్నాడు. ముగింపు ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నప్పుడు తుపాకీ తీశాడు. తొమ్మిది మంది చనిపోయారు. వాడిని నడిపించింది జాతి ద్వేషం, అందులో సందేహం లేదు. అయితే వాడు బాప్తిస్మం పొందినవాడు, లూథరన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన సంఘంలో సభ్యుడు. చనిపోయినవారిలో ఇద్దరు లూథరన్ వేదాంత కళాశాలలో చదువుకున్నవారు.

ఆ లూథరన్ శాఖ అధ్యక్షురాలు బిషప్ ఎలిజబెత్ ఈటన్ ‘వాడు మావాడు కాడు’ అనలేదు. కాల్చాడన్న ఆరోపణ ఉన్నవాడు మావాడే, పోయినవారిలో ఇద్దరు మమ్మల్ని తమవారిగా చేసుకున్నవారు అని తన సంఘాలన్నిటికీ లేఖ రాశారు. 2019లో ఆ శాఖ జూన్ 17ను పశ్చాత్తాప దినంగా ప్రకటించుకుంది. మా బడుల్లో, మా పాటల్లో, మా మౌనంలో వాడికి ఏం దొరికిందో వెతుక్కుందాం అన్న ధోరణి అది. అదే 2019 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని పోవే పట్టణంలో యూదుల ప్రార్థనా మందిరం మీద కాల్పులు జరిపి ఒక స్త్రీని చంపిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు ప్రెస్బిటేరియన్ అనే మరో క్రైస్తవ శాఖ సంఘ పెద్ద కొడుకు, ప్రతి ఆదివారం గుడికి వెళ్లేవాడు. వాడు రాసిపెట్టుకున్న కాగితాల్లో యూదు ద్వేషంతోపాటు గుడిలో నేర్చుకున్న సిద్ధాంతం కూడా ఉంది. ఆ సంఘం వాడి పనిని తీవ్రంగా ఖండించింది. ఖండన ఒక్కటే చాలదని, మన పిల్లలు మన మధ్యే ఉండి ఈ విషం ఎలా తాగారో చూడాలని ఆ సంప్రదాయానికే చెందిన కొందరు పాస్టర్లు బహిరంగంగా అన్నారు. మీ పెద్దగారికి ఈ సంగతి చెప్పమని నేను అనను. చెబితే ఏమవుతుందో మీకే బాగా తెలుసు.

ఆయన ఒప్పుకునే పుస్తకంలోంచే ఒక ఘట్టం గుర్తు చేయొచ్చు. లూకా సువార్త తొమ్మిదో అధ్యాయం. ఒక సమరయ గ్రామం యేసును చేర్చుకోలేదు. యాకోబు, యోహాను ఆగ్రహించి, ఆకాశం నుంచి అగ్ని రప్పించి ఈ ఊరిని తగలబెట్టమంటారా అని ప్రభువునే అడిగారు. శత్రువులు కారు వాళ్లు, ప్రథమ శిష్యులు. మతం పేరిట ఊరిని కాల్చాలన్న ఆలోచన వాళ్లకే వచ్చింది. ఆయన వాళ్లను గద్దించాడు. మీరు నా శిష్యులే కారు పొమ్మని మాత్రం అనలేదు. వాళ్లను వెంటబెట్టుకునే మరో ఊరికి వెళ్లాడు.

మావాడు కాడనడం ప్రతిసారీ తప్పించుకోవడమే అనుకోకండి. 2008లో ముంబయి మీద దాడి చేసి చచ్చిన తొమ్మిది మంది ముష్కరులను తమ శ్మశానవాటికలో పూడ్చడానికి అక్కడి ముస్లిం సంస్థలు ఒప్పుకోలేదు. ఏడాదికి పైగా ఆ శవాలు ఆసుపత్రి మార్చురీలో పడి ఉన్నాయి. చివరికి 2010లో ప్రభుత్వం రహస్యంగా పూడ్చింది. చనిపోయినవాడిని మట్టి చేయడం బాధ్యతగా భావించే సమాజం అలా అనడానికి ఎంత తెగువ కావాలి! దానికీ, వాదనలో ఇరుక్కున్నప్పుడు ఆదివారం ప్రార్థన తర్వాత టీ తాగుతూ అనే ‘వాళ్ళు మావాళ్ళు కారు’కీ చాలా దూరం ఉంది. లూథరన్లు మావాడే అన్నారు, ముంబయి ముస్లింలు మా మట్టిలో చోటు లేదన్నారు. మాటలు ఎదురుబొదురు. అయినా ఇద్దరూ తమంతట తాము ముందుకొచ్చారు, ఏదో ఒకటి పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారు. మీ స్నేహితురాలి దగ్గర మీరు దాన్నే వసూలు చేయబోయారు.

ఇక అసలు ప్రశ్న, మతమే చంపిస్తోందా? మీ అబ్బాయి జవాబు సగం సరైనది. 2017 అక్టోబరు 1న లాస్‌వేగాస్‌లో హోటలు కిటికీలోంచి సంగీతోత్సవం మీద గుళ్లు కురిపించి అరవై మంది చావుకు కారణమైనవాడికి మతం లేదు, రాజకీయమూ లేదు. ఏడాదికి పైగా వెతికిన అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ స్పష్టమైన కారణమంటూ ఏదీ లేదని తేల్చింది. అమెరికాలో బడుల మీద, ఆఫీసుల మీద జరిగే కాల్పులు చాలావాటిలో దేవుడి ఊసే ఉండదు. చిన్ననాటి దెబ్బలు, పోయిన ఉద్యోగం, చావాలన్న కోరిక, అంతకుముందు కాల్చినవాళ్ల మీద ఆరాధన, చేతికందే తుపాకీ, ఇవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మతం పేరు చెప్పుకుని వెళ్లినవాళ్లలో కూడా ఆ మతం గురించి ఓనమాలు రానివాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి సిరియాలో పోరాడడానికి వెళ్లి 2014లో జైలుపాలైన ఇద్దరు కుర్రాళ్లు, బయల్దేరే ముందు ఇస్లాంను పరిచయం చేసే ప్రాథమిక పుస్తకాలు కొనుక్కున్నారని కోర్టులో తేలింది!

అలాగని మతానికి ఏ సంబంధమూ లేదని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను. అప్పటికే రగులుతున్నవాడికి ఎవరిని చంపాలో అది చూపించగలదు, చంపడం పాపం కాదని నచ్చజెప్పగలదు, చచ్చినా పైన చోటుందని హామీ ఇవ్వగలదు. 1994లో హెబ్రోన్ మసీదులో ప్రార్థన చేసుకుంటున్న 29 మందిని చంపిన యూదు వైద్యుడికి తాను చేస్తున్నది దైవకార్యమేనన్న నమ్మకం లేదని ఎవరనగలరు? జాతి గర్వం, సిద్ధాంతం కూడా ఇదే పని చేస్తాయి. మతం చేసినప్పుడు దానికి గుడి గంటల మర్యాద తోడవుతుంది. కాబట్టి ‘మతం వల్లనా కాదా’ అని అడిగితే ఎప్పటికీ తేలదు. ఈ మతస్థుల మధ్య ఏ మాటలు చెలామణి అవుతున్నాయి, వాటిని ఎవరూ ఆపడం లేదా అని అడిగితే ఏదో ఒకటి తెలుస్తుంది. ఆ ప్రశ్నకు మీ సంఘం గురించి మీరు జవాబు చెప్పగలరు, ఆమె సమాజం గురించి ఆమె చెప్పగలదు. మీ వాట్సాప్ గుంపులో వచ్చే వీడియోలు ఆమెకు కనబడవు, మీకు కనబడతాయి.

స్నేహితురాలి విషయంలో మీ ముందు కొన్ని దారులున్నాయి.

ఒకటి, ఏమీ చేయకపోవడం. కాలమే మాన్పుతుందని మీ భర్తగారు అన్నారని రాశారు. మానుతుంది కూడా, ఒక రకంగా. ఇంకో ఏడాదికి మీరిద్దరూ మంచి సహోద్యోగులవుతారు, పదవీ విరమణ సన్మానంలో ఒకరి గురించి ఒకరు రెండు మంచి మాటలు చెప్పుకుంటారు. అది చాలనుకుంటే ఆ దారి తప్పు కాదు.

రెండోది, మీ ఉద్దేశం వివరించడం. “నేను నిన్ను అనలేదు, ఆ ఉగ్రవాదుల్ని అన్నాను” అని. ఇది చాలామందికి నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో మనం తగ్గాల్సిన పని లేదు. కానీ ఆ రోజు మీరు తిరిగింది ఆమె వైపే. వివరణ మొదలుపెడితే అపార్థం చేసుకున్నది ఆమే అన్నట్టు అవుతుంది. వద్దంటాను.

మూడోది, సూటిగా ఒప్పుకోవడం. “ఆ రోజు నిన్ను అడగకూడని మాట అడిగాను. అందరి ముందు అడిగాను. తప్పు నాది.” ఇంతే. పహల్గాం గురించి, కశ్మీర్ గురించి, ఏ మతం ఏం చెబుతుందన్నదాని గురించి ఆ పూట ఒక్క మాట వద్దు. అయితే ఎక్కడ చెప్పాలి? అన్నది నలుగురిలో కాబట్టి నలుగురిలోనే చెప్పాలని నాకు మొదట అనిపించింది. కానీ స్టాఫ్ రూములో చెబితే ఆమె మళ్లీ అందరి కళ్లలో పడుతుంది, పెద్దమనసు చేసుకుని నవ్వాల్సి వస్తుంది. అందుకే ముందు ఒంటరిగా చెప్పండి. తర్వాత స్టాఫ్ రూములో ఎవరైనా అలాంటి మాటే అన్నప్పుడు, అంటారు కూడా, మీరే ఆపండి. నలుగురిలో చేసినదానికి నలుగురిలో దిద్దుబాటు అదే. దానికి మీరు చెల్లించాల్సింది కూడా ఉంది: ‘ఈవిడెప్పుడు అటు చేరింది’ అన్న గుసగుసలు మీ వెనక మొదలవుతాయి.

ఇంకొకటి. మీరిద్దరూ కలవని ఆ వేసవి సెలవుల్లోనే, మే నెలలో, విజయనగరంలో ఒక యువకుడిని ఉగ్రవాద కేసులో అరెస్టు చేశారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఆ వార్త వచ్చిన రోజుల్లో ఆ చుట్టుపక్కల ముస్లిం కుటుంబాల్లో పిల్లల ఫోన్లలో ఏముందోనని తల్లులు వెతుక్కునే ఉంటారు. కొడుకు కాలేజీకి వెళ్తే ఎవరేమంటారోనని బెంగపడే ఉంటారు. మామూలుగా అయితే మీ స్నేహితురాలు అలాంటి భయం చెప్పుకోవడానికి ఎవరికి ఫోను చేసి ఉండేది? క్షమాపణ చెప్పాక వీలైతే దాని గురించి అడగండి. చెబితే వినండి. ఆమె సమాధానపడకపోవచ్చు. “సరే మేడమ్, నేనేమీ అనుకోలేదు” అని మళ్లీ అదే మర్యాద చూపించవచ్చు. అప్పుడు తొందరపెట్టకండి. రంజానుకు సేమ్యా, క్రిస్మసుకు కేకు ఇచ్చిపుచ్చుకుంటే అన్నీ సర్దుకుంటాయని ఎవరైనా సలహా ఇస్తే పెద్దగా నమ్మకండి. పదేళ్లు మీరిద్దరూ ఆ పని చేస్తూనే ఉన్నారు కదా.

అబ్బాయి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వాడు అన్నది పూర్తిగా తప్పని నిరూపించి గుడికి లాక్కురావాలని చూడకండి. చార్ల్‌స్టన్ విషయంలో వాడిదే సరైన మాట అని ఒప్పుకోండి. పెద్దవాళ్లలో ఒక్కరైనా ఒప్పుకోవడం వాడికి ముఖ్యం. లాస్‌వేగాస్‌కు ఏ మతం కారణమని కూడా అడగండి. గుడికి రావడమన్నది వాడు తేల్చుకుంటాడు.

ఇక కూడిక. అంశం నాది కాదని పాస్టరుగారికి చెప్పి తప్పుకోవచ్చు, అప్పుడు ఆ అవకాశం మీ పెద్దగారికి పోతుంది. క్షమాపణ మీద మాట్లాడి అందరినీ కంటతడి పెట్టించవచ్చు. 2006లో పెన్సిల్వేనియాలోని నికెల్‌మైన్స్ దగ్గర ఆమిష్ అనే క్రైస్తవ శాఖవారి బడిలో ఐదుగురు ఆడపిల్లలను చంపి తనను తాను కాల్చుకున్నవాడి అంత్యక్రియలకు ఆ పిల్లల తల్లిదండ్రుల్లో కొందరు వెళ్లారు, వాడి భార్యాబిడ్డలను ఆదుకున్నారు. నిజంగా జరిగిందే, గొప్ప విషయమే. కానీ జాగ్రత్త. చార్ల్‌స్టన్‌లో కొన్ని కుటుంబాలు రెండు రోజుల్లోనే కోర్టులో హంతకుడిని క్షమించామన్నాయి, కొందరు మావల్ల కాదన్నారు. క్షమించనివాళ్లు తక్కువ విశ్వాసులన్నట్టు మీ మాట ధ్వనించకూడదు. ఎవరి బిడ్డా పోని మనం క్షమాపణ గురించి అనర్గళంగా మాట్లాడడం చాలా సులువు.

నాకైతే మీరు మీ ఇంటి సంగతే మాట్లాడితే బాగుంటుందనిపిస్తుంది. లూకా తొమ్మిదో అధ్యాయం చదివించండి. గత నెలలో మీ గుంపుల్లో ఇతర మతస్థుల గురించి వచ్చిన సందేశాలు ఎన్ని, అవి నిజమో కాదో చూసినవారెవరు, పంపినవారికి వద్దని చెప్పినవారెవరు అని ఆ స్త్రీలనే అడగండి. ప్రార్థనలో పహల్గాం మృతులతోపాటు క్రైస్ట్‌చర్చ్ మృతులనూ తలచుకోండి. కొందరికి నచ్చదు, పాస్టరుగారికి ఫిర్యాదు కూడా వెళ్లవచ్చు. అందుకే ఏం మాట్లాడబోతున్నారో ఆయనకు ముందే చెప్పి ఉంచండి. ఇస్లాం గురించి వివరించడానికి మీ స్నేహితురాలిని పిలుద్దామా అని రాశారు. దయచేసి పిలవకండి. ఆమె లెక్కల టీచరు. స్టాఫ్ రూములో పెట్టిన బోనునే మళ్లీ గుడిలో పెట్టినట్టవుతుంది.

కూడిక ఎప్పుడో మీరు రాయలేదు. ఎప్పుడైనా సరే, దానికంటే ముందే ఆమెతో మాట్లాడండి. మీ ఇద్దరి మధ్య జరిగినదాన్ని అక్కడ ఉదాహరణగా వాడకండి, పేరు చెప్పకపోయినా సరే. మన ఊళ్ల సంగతి తెలుసు కదా, సాయంత్రానికల్లా ఆమె చెవిన పడుతుంది. తప్పక చెప్పాలనిపిస్తే ముందు ఆమెను అడగండి. వద్దంటే చార్ల్‌స్టన్ కథ చాలు.